పదకొండో నంబరు

"అత్తయ్యా, ఇడ్లీ చల్లారిపోతోందని చెప్పండి."

చెప్పాల్సిన మనిషి మూడడుగుల దూరంలో, అదే బల్ల ముందు కూర్చుని ఉన్నాడు. అయినా త్రిపురసుందరి ఆ మాట అత్తగారి చెవిలోనే వేసింది.

"ఇడ్లీ చల్లారిపోతోందిట్రా," అంది అనంతలక్ష్మి కొడుకుతో.

"విన్నానమ్మా."

"విన్నాడటే," అని ఆవిడ మళ్ళీ వంటింటి గుమ్మం వైపు తిరిగింది.

నిన్న సాయంత్రం నుంచీ ఆ ఇంట్లో ఇదే వరస. డెబ్భై ఏళ్ళ వయసులో అనంతలక్ష్మి టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఉద్యోగానికి చేరినట్టయింది. పప్పులో ఉప్పు సంగతి దగ్గర నుంచి ఫ్యాను వేగం దాకా మొగుడూ పెళ్ళాల మధ్య ప్రతి మాటా ఆవిడ మీదుగానే పోవాలి. మొదట్లో కాస్త సరదాగానే ఉంది గానీ, తెల్లారేసరికి దవడలు నొప్పి పుట్టాయి.

పోనీ విసుక్కుందామా అంటే, ఆ మంట అంటించింది తనే.

కింది వాటా శాంతాబాయి మనవరాలు స్టాంపులు పోగుచేస్తుంది. కొడుకు బల్ల సొరుగులో, పుస్తకాల అడుగున, ఇంగ్లండు రాణి బొమ్మ ఉన్న కవరు కనబడేసరికి అనంతలక్ష్మి కత్తెర తెచ్చి బొమ్మ కత్తిరించింది. దాంతోపాటు లోపలి ఉత్తరం మూల కూడా తెగింది. "పనికొచ్చే కాగితమేమో చూడవే," అని కోడలి చేతికిచ్చింది.

కోడలు నిలబడే చదివింది. రెండోసారి కూర్చుని చదివింది. ఆ తర్వాత మొగుడితో మాట్లాడలేదు.

"సుందరీ, నేనే చెప్పేవాణ్ణి," అన్నాడు విశ్వనాథం.

"ఎప్పుడు చెప్పేవారో అడగండత్తయ్యా."

"ఇహ నా వల్ల కాదు," అని అనంతలక్ష్మి లేచింది. "నేను పూజ చేసుకోవాలి. మీ ఇద్దరికీ దేవుడు చెరో నోరు ఇచ్చాడు, వాటితో ఏడవండి."

ఆవిడ దేవుడి గదిలోకి పోయి తలుపు దగ్గరికి వేసుకుంది. పూర్తిగా మాత్రం మూయలేదు. వినబడాలి కదా.

త్రిపురసుందరి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి బల్లకి అవతల నిలబడింది. "ఉత్తరం వచ్చి పద్దెనిమిది రోజులైంది," అంది. అంత సేపటికి మొదటిసారి అతనితో అన్న మాట అది. "పద్దెనిమిది రోజులు నా ఎదురుగా కూర్చుని అన్నం తిన్నారు. మొన్న గుత్తొంకాయ బాగుందన్నారు కూడా."

విశ్వనాథం తల వంచుకున్నాడు. ఉప్పల్ రోడ్డు మీది పరిశోధనా సంస్థలో అతని గది ముందు నుంచి పోతుంటే కుర్రవాళ్ళు గొంతు తగ్గిస్తారు. ఇంట్లో, చల్లారిన ఇడ్లీ ముందు, ఆ హోదా దేనికీ అక్కరకి రాలేదు.

గ్లాస్గో నుంచి డాక్టర్ మెక్రే రాసిన ఉత్తరం ఒక పేజీయే. నాచారం కుటుంబం రక్తం నమూనాలని నిరుడు విశ్వనాథమే అక్కడికి పంపాడు, ఇద్దరూ కలిసి కొత్త పేపరు రాద్దామని. ఆ ల్యాబ్ కొత్త పద్ధతిలో తేల్చింది ఇదీ: పదకొండో నంబరూ పద్నాలుగో నంబరూ వేర్వేరు మనుషులు. ఇద్దరూ ఒకే తల్లిదండ్రుల బిడ్డలు. మీ వంశవృక్షంలో పదకొండుకి తల్లీ తండ్రీ అని రాసినవాళ్ళు నిజానికి కారు. గొట్టాలు కలిసిపోయిన ఆనవాలేదీ లేదు. ఇంటివాళ్ళని అడిగి చెప్పగలరా?

ఇదే మాట ఏడేళ్ళ కింద, ఎనభై అయిదులో, త్రిపురసుందరి చెప్పింది.

అప్పుడు ఆమె భర్త ల్యాబ్‌లోనే రీసెర్చ్ అసిస్టెంట్. నాచారం పాత ఊళ్ళో ఒక రైతు కుటుంబానికి తరతరాలుగా రేచీకటి. పాతికేళ్ళు వచ్చేసరికి పొద్దువాలితే చూపుండదు, ఇంకొన్నాళ్ళకి పగలూ మసకే. ఆ జబ్బు ఏ దారిన నడుస్తోందో పట్టుకోవాలని విశ్వనాథం ఇరవై ఇద్దరి రక్తం తీయించాడు. అందులోంచి డీఎన్ఏ తీసి, ఎక్స్‌రే ఫిల్మ్ మీద నల్లటి గీతలుగా రప్పించిన పనంతా త్రిపురసుందరిది. బిడ్డలో కనబడే ప్రతి గీతా తల్లిలోనో తండ్రిలోనో ఉండి తీరాలి. పదకొండో నంబరు పిల్లాడిలో ఒక గీత తల్లిలోనూ లేదు, తండ్రిలోనూ లేదు. పినతండ్రిలో ఉంది, ఆ పినతండ్రి కొడుకైన పద్నాలుగో నంబరులో ఉంది.

"ఒకసారి వెళ్ళి ఆ ఇంట్లో ఆడవాళ్ళని అడుగుదామండీ," అంది ఆమె.

"అడగడానికేముంది? పద్నాలుగు రక్తమే రెండు గొట్టాల్లోనూ పోశావు," అన్నాడు అతను.

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. వంశవృక్షం తన చేత్తో రాసుకొచ్చింది, అందులో తప్పెలా ఉంటుంది? పైగా పెళ్ళాన్ని వెనకేసుకొస్తున్నాడని నలుగురూ అనుకుంటారేమోనన్న బెంగ ఒకటి. పరాయి ఆడపిల్ల ఎవరైనా ఆ బల్ల దగ్గర ఉండి ఉంటే మెత్తగా మాట్లాడేవాడే. సొంత మనిషి కనుక, శనివారం మీటింగులో అందరి ముందూ, "ఇది నమూనాలు కలిపేసిన పొరపాటు, చేసినవాళ్ళు ఒప్పుకుంటే మర్యాదగా ఉంటుంది," అనేశాడు.

ఆమె ఒప్పుకోలేదు. అతను పదకొండో నంబరుని తీసేసి పేపరు పంపాడు. రచయితల వరసలోంచి ఆమె పేరు తీసేసి, చివర్న చిన్న అక్షరాల్లో 'సాంకేతిక సహాయానికి కృతజ్ఞతలు' అన్నాడు. మూడు నెలలకి ఆమె పీహెచ్‌డీ సగంలో వదిలేసి ల్యాబ్ మానేసింది. ఇప్పుడు జూనియర్ కాలేజీలో పిల్లలకి కప్ప గుండెకి ఎన్ని గదులో చెబుతోంది.

"భయమేసింది సుందరీ."

"దేనికి?"

"వచ్చే నెల ప్రమోషనుకి సెలక్షన్ కమిటీ. జాబితా టైపుకిచ్చాను. నలభై ఒక్క పేపర్లు. అన్నిటికన్నా పైన ఉన్నది అదే. దాని మీదే కదా అందరూ నన్ను..." అతను ఆగిపోయాడు.

"అంటే పేపరు తప్పయిందని భయం. నన్ను తప్పన్నందుకు కాదు."

అది నిజమని అతనికి తెలుసు. ఉత్తరం చదివిన మొదటి రోజు అతను ముందు తలుచుకున్నది కమిటీ సభ్యుల పేర్లని. భార్య మొహం గుర్తొచ్చేసరికి సాయంత్రమైంది. ఆ ఆలస్యం తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేసింది.

"నాకేం కావాలో చెప్పనా?" ఆమె గొంతు పెంచలేదు. "ఆ పత్రికకే రాయండి. పదకొండో నంబరు సరైనదేనని. గీతలు సరైనవేనని. ఆ పని చేసింది త్రిపురసుందరి అని. నాలుగు వాక్యాలు చాలు, అయిదోది అక్కర్లేదు."

"రేపే రాస్తాను."

"ఏం చూసి రాస్తారు? ఆ ఇంటివాళ్ళ నోటి నుంచి వినకుండానేనా? మొదటిసారి చేసిందీ అదేగా." ఆమె అతని ముందున్న పళ్ళెం తీసేసింది. "లేవండి. ఇవాళ ఆదివారం. సాయంత్రం నాచారం వెళ్దాం."

"వచ్చేటప్పుడు ఓ కొబ్బరికాయ తెండి," అని దేవుడి గదిలోంచి వినిపించింది.

* * *

స్కూటరు మీద కూర్చుంటే త్రిపురసుందరి చెయ్యి ఎప్పుడూ అతని భుజం మీద ఉండేది. ఇవాళ వెనకనున్న స్టెప్నీ పట్టుకుంది. హబ్సిగూడ చౌరస్తా దాటాక, ఫ్యాక్టరీల ప్రహరీల పొడుగునా గోతుల రోడ్డు. ప్రతి గోతి దగ్గరా ఆమె భుజం పట్టుకుంటుందేమోనని అతను ఆశపడ్డాడు. ఆమె పట్టుకోలేదు.

పాత ఊళ్ళో ఆ ఇల్లు అలాగే ఉంది. చుట్టూ రెండంతస్తులు లేచాయి గానీ దానికి మాత్రం అవే పెంకులు. అరుగు మీద బీడీ తాగుతున్న చెన్నయ్య లేచి నిలబడ్డాడు. యాభై దాటిన మనిషి. ఆ కుటుంబంలో జబ్బు అంటని అదృష్టవంతుల్లో ఒకడు.

"రాండ్రి సార్, రాండ్రి! మస్తు దినాలాయె. మా నాయిన ఉన్నప్పుడు అచ్చిన్రు, గిప్పుడే మళ్ల."

"పెంటయ్యగారు..."

"పోయి నాలుగేండ్లాయె. అన్న పోయి రెండేండ్లు."

విశ్వనాథం నిర్ఘాంతపోయాడు. "మల్లయ్య పోయాడా?"

"మౌలాలి కాడ పట్టాలు దాటుతుండె సార్. పొద్దుగూకింది, కండ్లు కానరాలే. గూడ్సు బండి." చెన్నయ్య బీడీ నేలకేసి నలిపాడు. "మీకు చెప్పి పంపుదమనుకున్నం గని, యాడున్నరో ఎర్కలే."

ఎక్కడున్నాడు? రెండు మైళ్ళ దూరంలో ఉన్నాడు. ఆ మల్లయ్య కళ్ళ మీద రాసిన పేపరు చదవడానికి అతను జర్మనీ దాకా వెళ్ళొచ్చాడు. నాచారం మాత్రం ఏడేళ్ళలో ఒక్కసారి వచ్చాడు, అదీ అచ్చయిన కాగితం ఇచ్చిపోవడానికి.

త్రిపురసుందరి చెప్పులు విడిచి లోపలికి, ఆడవాళ్ళ దగ్గరికి వెళ్ళిపోయింది. చెన్నయ్య నులకమంచం వాల్చాడు. విశ్వనాథం కూర్చున్నాక తట్టింది, ఏడేళ్ళ కింద వంశవృక్షం రాసుకున్నదీ ఈ మంచం మీదే. పెంటయ్య చెబుతుంటే రాసుకున్నాడు. లోపలి నుంచి చాయ్ గ్లాసులు వచ్చాయి. తెచ్చిన చేతులు ఎవరివో కూడా అప్పుడు చూడలేదు.

తెరిచిన తలుపులోంచి ముందు గది గోడ కనబడుతోంది. దేవుళ్ళ పటాల వరసలో ఒక అద్దాల పటం. చూడగానే గుర్తుపట్టాడు. తన పేపరులోని వంశవృక్షం పేజీ. మగవాళ్ళకి గడులు, ఆడవాళ్ళకి సున్నాలు, జబ్బున్నవాళ్ళకి నలుపు. ఒక్కో బొమ్మ కింద నీలం సిరాతో తెలుగులో పేర్లు.

"నాయిన కట్టించిండు సార్," అన్నాడు చెన్నయ్య గర్వంగా. "ఇంటిల్లిపాది ఒక్క కాడున్నరు, సచ్చినోళ్ళు, బతికినోళ్ళు. గిసొంటిది ఊర్ల ఎవ్వనింట్ల లేదు. గని మీరు ఒగన్ని మర్చిపోయిన్రు."

"ఎవర్ని?"

"మా పాండుగాన్ని. అన్న కొడుకు, పాండురంగ. ఇంట్ల అందరున్నరు, పోరడే లేడు. నాయిన బడిపంతులును పిలిచి పెన్నుతోని గీయించిండు. సూడుండ్రి, గా మూలకు."

విశ్వనాథం లేచి గుమ్మం దాకా వెళ్ళి చూశాడు. మల్లయ్య, కృష్ణమ్మల కింద, అచ్చు గీతకి అతికించినట్టు ఒక వంకర గీత. దాని కొసన చేత్తో గీసిన గడి. 'పాండు.' తను కొట్టేసిన పదకొండో నంబరు అక్కడున్నాడు. అంత పెద్ద పత్రికా, ముగ్గురు పరీక్షకులూ పట్టుకోలేని లోటుని ఈ ఇల్లు పట్టుకుని, తనకి తోచినట్టు సరిదిద్దుకుంది.

"చెన్నయ్యా, పాండు విషయమే అడుగుదామని వచ్చాను. వాడు... కృష్ణమ్మకి పుట్టినవాడేనా?"

చెన్నయ్య మొహంలో నవ్వు పోయింది. అతను వీధి వైపు చూశాడు, లోపలి వైపు చూశాడు. ఇంకో బీడీ తీశాడు గానీ అంటించలేదు.

"గా ముచ్చట నన్నడుగకుండ్రి సార్," అన్నాడు చివరికి.

"నన్నడుగుండ్రి."

లోపలి నుంచి కృష్ణమ్మ వచ్చింది, వెనకాల త్రిపురసుందరి. మల్లయ్య భార్య మనిషి చిక్కిపోయింది గానీ గొంతులో బిగువు పోలేదు. గుమ్మం పక్కన ఇంకొకామె, చెన్నయ్య భార్య ఈరమ్మ, కొంగు నోటికడ్డం పెట్టుకుని నిలబడింది. కృష్ణమ్మకి స్వయానా చెల్లెలు. అక్కాచెల్లెళ్ళిద్దరినీ అన్నదమ్ములిద్దరికీ ఇచ్చారు.

"అప్పుడు మీరు ఆడోళ్ళను ఒక్క మాటన్న అడిగిన్రా సార్?" అంది కృష్ణమ్మ. "మా మామ మంచం మీద కూసొని చెప్పిండు, మీరు రాసుకున్నరు. మేం లోపట చాయ్ పెట్టినం. గీ అమ్మ అచ్చి అడిగింది, చెప్పిన. ఏడేండ్ల కింద అడిగితే అప్పుడే చెప్తుంటి."

విశ్వనాథం భార్య వైపు చూడలేకపోయాడు.

"నాకు ఇద్దరు పుట్టి పోయిన్రు. మూడోది కడుపుల్నే పోయింది. చెల్లెకు అప్పటికే ఇద్దరు కొడుకులు. మూడో కాన్పు ఐతుంటే మా అత్త పురిటి అర్రల నుంచి పిల్లగాన్ని తెచ్చి, తానం గూడ పోయకముందే నా ఒడిల ఏసింది. ఇగ వీడు నీ కొడుకు అన్నది. గా దినం సంది గీ ఇంట్ల గా మాట ఎవ్వలు ఎత్తలే. మా మామ మీకు అబద్ధం చెప్పలే సార్. ఆయన లెక్కల వాడు నా కొడుకే."

ఈరమ్మ కొంగు తీయలేదు.

"పాండుకి తెలుసా?"

"ఎర్కలే. ఎర్క గావద్దు."

అప్పుడు త్రిపురసుందరి మాట్లాడింది. మొగుడితోనే, నేరుగా. "పాండుకి బోడుప్పల్ నుంచి సంబంధం వచ్చిందటండీ. వద్దన్నాడట. ఇంకో నాలుగేళ్ళలో నాకూ చీకటి పడుతుంది, ఒక పిల్ల గొంతెందుకు కొయ్యాలి అన్నాడట. తండ్రి పోయినప్పటి నుంచీ పొద్దువాలకముందే ఇల్లు చేరతాడట. రోజూ దీపం పెట్టే వేళకి అరుగు మీద కూర్చుని, వీధి చివర కరెంటు స్తంభం కనిపిస్తోందో లేదో చూసుకుంటాడట."

విశ్వనాథం మనసులో లెక్క వేసుకున్నాడు. ఆ లెక్క చిన్నపిల్లాడు కూడా వెయ్యగలడు. తల్లికో తండ్రికో ఉంటేనే బిడ్డకి దిగే జబ్బు అది, ఇక్కడ మల్లయ్యది. చెన్నయ్యకి అది లేదు, ఈరమ్మకి అంతకన్నా లేదు. వాళ్ళ బిడ్డకి అది వచ్చే దారే లేదు. పదకొండో నంబరు గీతలు ఏడేళ్ళ కిందటే ఆ మాట చెప్పాయి. వాటిని చదివిన మనిషి కూడా చెప్పింది. తను వినలేదు. తన పేపరు సంగతి అటుంచి, పదమూడేళ్ళ పిల్లాడు ఇరవయ్యేళ్ళవాడయ్యేదాకా ఆ భయంతోనే పెరిగాడు.

"కృష్ణమ్మా," అన్నాడు. "పాండుకి చీకటి రాదమ్మా. రావడానికి వీల్లేదు."

ఆమె మొహం విప్పారింది. రెండు చేతులూ ఎత్తి మొక్కబోయింది. అంతలోనే ఆ చేతులు ఆగిపోయాయి.

"గట్లెట్ల చెప్తరు సార్?"

"మల్లయ్యకి పుట్టి ఉంటేనే వస్తుంది. వాడు..."

అతను పూర్తి చెయ్యలేదు. కృష్ణమ్మ గుమ్మం మీద కూలబడింది.

"అంటే," అంది, "వానికి గీ మంచి మాట చెప్పాల్నంటే, నేను తల్లిని కానని చెప్పాల్నా?"

రైలు పట్టాల వైపు నుంచి కూత వినబడింది. చెన్నయ్య బీడీ వేళ్ళ మధ్యే విరిగిపోయింది.

సైకిలు చప్పుడైంది. ఎండ ఇంకా పెంకుల మీదే ఉంది, సైకిలు మీద నుంచి పాండు దిగాడు. పొడుగ్గా, నూనె మరకల చొక్కాతో. ఇండస్ట్రియల్ ఏరియాలో లేత్ మిషన్ మీద పని చేస్తాడు, ఆదివారాలు కూడా. అరుగు మీది మనిషిని పోల్చుకుని స్టాండు వెయ్యడం మర్చిపోయాడు. సైకిలు గోడకి ఒరిగింది.

"నమస్తే సార్. మీరు రక్తం తీసుకున్న సార్ గదా?"

"అవును బాబూ."

"మిమ్ముల్ని ఒకటి అడుగాల్నని మస్తు రోజుల సంది అనుకుంటున్న." పాండు తల్లి మొహం చూశాడు, చిన్నమ్మ మొహం చూశాడు, ఏదో జరిగిందని గ్రహించాడు. అయినా అడిగేశాడు. "గా కాయితంల అందరున్నరు. నేనెందుకు లేను సార్? మా తాత పెన్నుతోని గీయించిండు గని, నాకు సమజైంది. నాకు రోగం పక్కా ఉన్నదని తేలింది, ఇంట్లోళ్ళు పరేషాన్ అయితరని మీరు తీసేసిన్రు. గంతేనా?"

ఏడేళ్ళుగా వీడు అలా అనుకున్నాడా! విశ్వనాథం గుమ్మం వైపు చూశాడు. నిజం చెబితే గుమ్మం మీది మనిషి ఏమవుతుంది? చెప్పకపోతే ఈ కుర్రాడు ఏమవుతాడు?

"కాదు బాబూ," అంది త్రిపురసుందరి.

ఆమె ఒక అడుగు ముందుకి వచ్చింది. "తప్పు నాది. అప్పుడు ఆ పరీక్ష చేసింది నేను. నీ రక్తం గొట్టమూ మీ తమ్ముడిదో అన్నదో ఇంకో గొట్టమూ కలిపేశాను. లెక్క కుదరలేదు. అందుకని సార్ నిన్ను తీసేయాల్సొచ్చింది. అంతే. మొన్న మంచి మిషన్ల మీద విదేశంలో మళ్ళీ చేశారు. నీకా జబ్బు లేదు. ఎప్పటికీ రాదు. అది చెప్పడానికే వచ్చాం."

విశ్వనాథం ఆ మాటని గుర్తుపట్టాడు. మీటింగులో తను అన్న మాట, అక్షరం పొల్లుపోకుండా. మూడు నెలల పాటు పోరాడి, ఉద్యోగం వదులుకుందే తప్ప ఒప్పుకోని ఆ తప్పుని, ఇప్పుడు ఈ వాకిట్లో, ఎవరూ అడక్కుండానే, తన నెత్తి మీద వేసుకుంది.

పాండు ఆమెని నమ్మలేనట్టు చూశాడు. తర్వాత అతని వైపు తిరిగాడు.

"నిజమేనా సార్? మేడం తప్పేనా?"

విశ్వనాథం భార్య వైపు చూశాడు. ఆమె కళ్ళు తిప్పుకోలేదు. కాదను, నిజం చెప్పు అని ఆ కళ్ళు అని ఉంటే బాగుండేది. అవి అనలేదు.

"నిజమే," అన్నాడు.

పాండు అరుగు మీద చతికిలబడ్డాడు. మోచేత్తో మొహం తుడుచుకున్నాడు, మళ్ళీ తుడుచుకున్నాడు. "ఏడేండ్లు మేడం," అన్నాడు. గొంతులో ఏడుపూ కోపమూ కలిసిపోయాయి. "రోజు సచ్చుకుంట బతికిన. జర సూసి చెయ్యొద్దా? మీ చేతుల్ల ఒకని బతుకున్నదన్న ఫికరన్న లేదా?"

"లేకపోయింది బాబూ. క్షమించు," అంది త్రిపురసుందరి.

కృష్ణమ్మ లేచి వచ్చి కొడుకు తలని కడుపుకి అదుముకుంది. వాడి జుట్టు మీదుగా త్రిపురసుందరిని చూస్తూ తల వంచింది. గుమ్మం పక్కన ఈరమ్మ మాత్రం ఉన్నచోటే ఉంది.

వెళ్ళబోతుంటే పాండు వెనకాలే వచ్చాడు. కోపం సగం దిగిపోయింది. కుర్రతనం మీదికొచ్చింది. "కొత్త కాయితం అచ్చైతది గదా సార్? ఒకటి నాకియ్యుండ్రి. గీ పెన్ను గీత నాకొద్దు. ఈసారి నా డబ్బా అచ్చుల ఉండాలె. పటం నేనే కట్టిస్త. ఇంగ్లీష్ సదువొస్తది నాకు, ఐటీఐ చేసిన."

"ఇస్తాను," అన్నాడు విశ్వనాథం. ఆ మాట నోరు దాటాక గానీ అందులో ఏముందో అతనికి తెలియలేదు. అచ్చులో గడి గీయాలంటే దాని మీది గీత ఎవరో ఒకరి నుంచి దిగాలి.

* * *

వీధి మలుపులో స్కూటరు ఎంత తన్నినా అంటుకోలేదు. పక్కకి వంచి, మళ్ళీ నిలబెట్టి, దాని మీద చేతులు ఆనించి నిలబడ్డాడు.

"ఎందుకన్నావు సుందరీ?"

"ఇంకేం అనమంటారు? ఆవిణ్ణి తల్లి కాదని చెప్పమంటారా?"

"రాత్రికే ఎడిటర్‌కి రాస్తాను. నీ పేరు పెడతాను. కమిటీ ఏమైతే అదవనీ."

"ఏమని రాస్తారు?" ఆమె నవ్వబోయింది, కుదరలేదు. "నిజం రాస్తే ఆ కుర్రాడు పటం కట్టించుకుని చదువుకుంటాడు. అబద్ధం రాస్తే ఇప్పుడు మీరన్నదే అచ్చవుతుంది. అప్పుడు మీటింగులో నలుగురి ముందూ అన్నారు. ఇవాళ వాకిట్లో అందరి ముందూ అన్నారు. ఈసారి నేనే అనిపించుకున్నాను, అంతే తేడా."

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటే ఏమిటో విశ్వనాథానికి అప్పుడు తెలిసింది. ఏడేళ్ళ కింద ఒక్క సాయంత్రం భార్య మాట విని ఈ వీధిలోకి వచ్చి ఉంటే, ఆ కృష్ణమ్మ అప్పుడే చెప్పేది. అప్పటికి మల్లయ్య బతికే ఉన్నాడు, ఆ ఇల్లు తనలో తను ఏదో ఒక దారి చూసుకునేది, త్రిపురసుందరి పేరు తన పేరు పక్కన ఉండేది. అతనికి ఏడుపొచ్చింది. నడివీధిలో, స్కూటరు పట్టుకుని, నలభై తొమ్మిదేళ్ళ మనిషి ఏడ్చాడు.

త్రిపురసుందరి అతన్ని ఓదార్చలేదు. అలాగని దూరంగానూ పోలేదు.

"సార్."

వెనక ఈరమ్మ. చెప్పులు కూడా లేకుండా, గోడ వారగా నడిచి వచ్చింది. ఇందాకటి నుంచీ నోటికి అడ్డంగా ఉన్న కొంగు ఇప్పుడు చేతిలో నలుగుతోంది. ఎవరైనా చూస్తున్నారేమోనని వెనక్కి ఒకసారి చూసుకుంది.

"మా అక్క ముంగట అనలేక..." అంది. "సార్, మీరు రాసే కాయితంల... గా విదేశం కాయితంల... వాన్ని నా కింద రాయుండ్రి."

"ఈరమ్మా, పాండు చదువుతాడమ్మా. వాడికి తెలిసిపోతుంది."

"వానికి గీ ఊర్లకు వేరేది రాసియ్యుండ్రి. మా అక్కకు నేనిచ్చిన, ఇచ్చిందే. మళ్ల అడుగ." ఆమె త్రిపురసుందరి చెయ్యి పట్టుకుంది. "అమ్మా, నువ్వు గా గీతల్ల సూసినవట గదా, నా కొడుకని. ఇరవయ్యేండ్లల్ల గట్లన్నది నువ్వొక్కదానివే. దాన్ని కొట్టెయ్యనియ్యకు. యాడనో ఒక్క కాడన్న ఉండాలె."

వీధి చివర నుంచి కృష్ణమ్మ గొంతు, చెల్లెల్ని పేరు పెట్టి పిలుస్తోంది. ఈరమ్మ కదల్లేదు.